జెండా ఎగరేయడం, ఎగరేసి చూపించడం

(ఆగస్టు మొదటి వారంలో హనుమకొండలో జరిగిన ఒక పాఠకుల సభలో విశ్రాంత సోషల్ టీచర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం, సలాం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఉన్నాయి.

ఈ సభ పెట్టినవాళ్లు నాకు ఇచ్చిన అంశం జాతీయ జెండా, మైనారిటీల మనసు. మైనారిటీలందరికీ కలిపి ఒకే మనసు ఉండదు, అందరి తరఫునా నేను మాట్లాడలేను అని వాళ్లకు ముందే చెప్పాను. నేను వరంగల్ ముస్లింని. ప్రభుత్వ బడుల్లో సోషల్ చెప్పినవాణ్ని, అందులో కొన్నేళ్లు ఏటూరునాగారం వైపు ఏజెన్సీలో పనిచేశాను. చూసిందీ చదివిందీ కలిపి చెప్తాను.

నా మాట ముందే సూటిగా చెప్పేస్తాను. మీకు జెండా అంటే ఇష్టమేనా అని మమ్మల్ని అడుగుతుంటారు. ఇష్టమే. ఎందుకు ఇష్టం కాకుండా ఉంటుంది? ఇబ్బంది ఇంకో చోట ఉంది. నా జెండా నేను ఎగరేసుకోవడం ఒకటి. "ఏదీ, ఎగరేసి చూపించు" అని ఎదుటివాడు వచ్చి నా గుమ్మం ముందు నిలబడటం ఇంకొకటి. గుడ్డ అదే, రంగులు అవే. కానీ మొదటిసారి నేను పౌరుణ్ని, రెండోసారి అనుమానితుణ్ని. ఈ తేడా మెజారిటీలో ఉన్నవాళ్లకు తెలిసే అవకాశం తక్కువ, ఎందుకంటే ఆ రెండో మాట వాళ్లను ఎవరూ అడగరు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఈ ఓరుగల్లులో జెండా ఎగరేయడం ఒకప్పుడు ప్రాణం మీదికొచ్చే పని. బత్తిని మొగిలయ్య గౌడ్ పేరు మీకందరికీ తెలుసు, మొగిలయ్య హాలు మీదుగా ఎన్నిసార్లు పోయి ఉంటారో. తాళ్లెక్కి కల్లు గీసి బతికే మనిషి. 1946 ఆగస్టు 11న కోటలో జెండా ఎగరేశారని నిజాం వైపు నిలిచిన రజాకార్ల దళం దాడి చేస్తే ఎదురు నిలబడి చనిపోయాడు. తర్వాతి ఏడు జూలై 22న ఢిల్లీలో రాజ్యాంగ సభ మూడు రంగుల జెండాను ఆమోదించింది. ఆగస్టు 15న దేశమంతా అది ఎగిరింది, ఇక్కడ మాత్రం దాన్ని పట్టుకున్నవాళ్లను జైల్లో వేశారు. హైదరాబాద్‌లో ఆ రోజే స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. సెప్టెంబరు 2న పరకాలలో జెండా కోసం జమైన జనం మీద కాల్పులు జరిగాయి. అక్కడి అమరధామం ఆ చనిపోయినవాళ్లదే. పరకాల పోయినవాళ్లు ఒక్కసారి లోపలికి వెళ్లి చూడండి.

ఈ చరిత్రను మా పిల్లలు ఎలా వింటారో చెప్తాను. క్లాసులో నేను "రజాకార్లు" అనగానే, వెనక బెంచీలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు ముస్లిం పిల్లలు తల దించుకునేవాళ్లు. మిగతావాళ్లలో ఒకరిద్దరు తిరిగి వాళ్ల వైపు చూసేవాళ్లు. పదమూడేళ్ల పిల్లలు. 1948లో వాళ్ల తాతలు కూడా చిన్నపిల్లలే. రాజ్యం నిజాంది, రజాకార్ల దళం కాశిం రజ్వీది. మండిబజార్లో జట్కా తోలుకునేవాడి దగ్గర రాజ్యమూ లేదు, దళమూ లేదు. అయినా ఆ చూపు వాడి మనవడి మీద పడింది.

అందుకే ఆ పాఠం చెప్పేటప్పుడు నేను షోయబుల్లా ఖాన్ పేరు చెప్పకుండా ఎప్పుడూ ముగించలేదు. మన మానుకోట, అదే మహబూబాబాద్ వైపు పుట్టినవాడు. మందుముల నరసింగరావు గారి రయ్యత్ పత్రికలో పనిచేశాడు. దాన్ని మూయించేస్తే ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక పెట్టాడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని ఉర్దూలో రాశాడు. ఆ మాట ఎవరి చెవిన పడాలో వాళ్ల భాషలో, వాళ్ల ఊళ్లో కూర్చుని రాశాడు. కలవడమే మంచిదని ఏడుగురు ముస్లిం పెద్దమనుషులు చేసిన ప్రకటనను తన పత్రికలో అచ్చేశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే దారి కాచి కాల్చారు. రాసిన చెయ్యి నరికేశారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. ఈ కథ చెప్పిన రోజు వెనక బెంచీ పిల్లలు తల ఎత్తి వినేవాళ్లు. ఒక పిల్లవాడైతే బెల్లు కొట్టాక నా వెంట స్టాఫ్‌రూం దాకా వచ్చి, "సార్, ఆయన మనోడేనా?" అని అడిగాడు. "అందరోడు" అన్నాను. వాడి మొహం చూసి, "మనోడే" అని కూడా అన్నాను.

1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 గురించి కూడా చెప్పాలి. ఏటా ఆ రోజు జెండా ఎగరేస్తున్నాం. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, సమైక్యతా దినం అన్నారు, ప్రజాపాలన దినోత్సవం అన్నారు. పేరేదైనా నాకు పట్టింపు లేదు. రజాకార్ల పీడ పోయింది, నిజాం రాజ్యం పోయింది, మంచిదే. రజాకార్లు ఊరి మీద పడి జనాన్ని చంపిన బైరాన్‌పల్లి సంగతి తెలిసిన ఎవరైనా మంచిదే అంటారు. కానీ పోలీసు చర్య పేరుతో భారత సైన్యం ఇక్కడికి వచ్చిన సమయంలోనూ ఆ తర్వాతా ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్‌నూ, ఖాజీ అబ్దుల్ గఫార్‌నూ పంపింది. వాళ్లు తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని రాశారు. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికే రాలేదు. కాబట్టి సెప్టెంబరు 17న జెండా ఎక్కుతుంటే ఒక ముస్లిం ముసలాయన చప్పట్లు కొట్టకుండా మౌనంగా నిలబడ్డాడంటే, ఆయనకు జెండా మీద కోపం అనుకోకండి. ఆయన ఇంట్లో ఎవరో ఆ నెలలో తిరిగి రాకపోయి ఉండొచ్చు. పరకాల వాళ్ల దుఃఖానికి ఒక అమరధామం ఉంది, ఉండాలి. ఈయన దుఃఖానికి నిలబడే చోటు లేదు.

ఇప్పుడు దగ్గరి కాలానికి వస్తాను. 2022 గుర్తుందా? స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఐదేళ్లు. కేంద్రం ఆగస్టు 13 నుంచి 15 దాకా ఇంటింటా జెండా అన్నది. మన రాష్ట్రం ఆగస్టు 8 నుంచి 22 దాకా వజ్రోత్సవాలు చేసి, కోటీ ఇరవై లక్షల జెండాలు ఇంటింటికీ పంచింది. అంతకు ముందు ఏడు డిసెంబరులో ఫ్లాగ్ కోడ్, అంటే జెండా నియమాలు, మార్చారు. ఖద్దరే ఉండాలన్న పట్టు పోయి, మిషన్ మీద తయారైన పాలిస్టర్ జెండాలకు కూడా అనుమతి వచ్చింది. సిరిసిల్ల నేతవాళ్లకూ ఆ జెండాల గుడ్డతో కొంత పని దొరికింది. మా గల్లీలో ఒక్క ఇల్లు కూడా వదలకుండా జెండా ఎగిరింది. పిల్లలు సైకిళ్లకు కట్టుకొని తిరిగారు. నిజంగా పండగలాగే ఉంది.

మా ఇంటి పక్కన ఒక ఖాలా, అంటే పిన్నమ్మ వరస ఆమె, ఉంటుంది. బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. పంచేరోజు ఆమె ఇంట్లో లేదు. మళ్లీ మళ్లీ తిరిగి జెండా తెచ్చుకుంది. ఎందుకు ఖాలా అంత తిరుగుడు అన్నాను. "అందరిండ్ల మీద ఉండి మా ఇంటి మీద లేకపోతే ఎవరన్న ఫోటో తీస్తరేమో మాస్టర్ సాబ్" అన్నది. ఆ మాట అయిందో లేదో, "నాక్కూడ కట్టుకోవాలనే ఉంటది, మా ఆయన బతికున్నప్పుడు ప్రతి ఏడు బండికి కట్టేటోడు" అన్నది. ఆ రెండు మాటలూ నిజమే. భయమూ నిజమే, ఇష్టమూ నిజమే. ఇందులో ఏది ఎంత అని ఆమెనే అడిగినా చెప్పలేదు.

ఆ ఏడు వానలు మీకు తెలుసు. సెప్టెంబరు వచ్చేసరికి కర్ర వైపు కుట్టు ఊడింది. కాషాయం వెలిసి పసుపు రంగుకు తిరిగింది. కింద ఆకుపచ్చ పట్టీ దారాలు దారాలుగా వేలాడింది. ఖాలా దాన్ని దించి, చీరముక్కలో చుట్టుకొని మా ఇంటికి తెచ్చింది. "దీన్ని ఏం చెయ్యాలె మాస్టర్ సాబ్? చెత్తల వెయ్యొద్దు గద" అని అడిగింది.

ఏం చేయాలో ఫ్లాగ్ కోడ్‌లో రాసే ఉంది. జెండా పాడైతే, మాసిపోతే, దాన్ని నలుగురిలో కాకుండా విడిగా, పూర్తిగా నాశనం చేయాలి. కాల్చడం మేలు, లేదంటే దాని గౌరవానికి తగిన ఇంకో పద్ధతిలో. ఇది ప్రభుత్వం చెప్పిన మర్యాద. ఆ రూలు నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఖాలాకు చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఇంటి వెనక తలుపేసుకొని జెండా కాల్చెయ్యి ఖాలా అని ఒక ముస్లిం బస్తీలో ఒక ముసలామెకు ఎట్లా చెప్పను? ఆమె చేసేది గౌరవం. గోడ మీది నుంచి ఒక ఫోన్ దాన్ని చూస్తే, సాయంత్రానికి ఆ వీడియో కింద ఏం రాస్తారో మీరు ఊహించుకోగలరు. ఆ తర్వాత ఫ్లాగ్ కోడ్ చదివి వినిపించినా ఎవరు వింటారు?

నేను దాన్ని తీసుకొని నా పాత సహోద్యోగి, అప్పట్లో హెడ్మాస్టర్‌గా ఉన్న మిత్రుడి దగ్గరికి పోయాను. ఆయన చుట్టు విప్పి చూశాడు. ఎందుకు తెచ్చావని అడగలేదు. బళ్లో చినిగిన జెండాలు ఇంకా కొన్ని ఉంటే వాటితోపాటు పద్ధతి ప్రకారం ఆయనే కానిచ్చాడు. అదే పని ఆయన చేస్తే మర్యాద, మేం చేస్తే కేసు. మైనారిటీలు జెండా గురించి ఏమనుకుంటారని ఎవరైనా అడిగితే, నాకు ఆ చీరముక్కలో చుట్టిన జెండానే గుర్తొస్తుంది.

ఇంకో సంగతి ఆకుపచ్చ జెండాది. దర్గా ఉర్సుకు, మిలాద్ ఉన్ నబీకి మా గల్లీల్లో పచ్చ జెండాలు కడతారు, వాటి మీద నెలవంక ఉంటుంది. ఖాజీపేట దర్గాకు మొక్కుకునేవాళ్లలో హిందువులు ఎంతమందో ఈ హాల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పీర్ల పండుగకు పీర్లను ఎత్తుకునేవాళ్లలో, వాటికి దట్టీలు, అంటే మొక్కు గుడ్డలు, కట్టేవాళ్లలో మా ఊళ్లన్నిటా అన్ని కులాలవాళ్లూ ఉంటారు. అలాంటి చోట కూడా ఈ మధ్య పచ్చ జెండా ఫోటో తీసి, పాకిస్తాన్ జెండా ఎగరేశారని పెడుతున్నారు. పాకిస్తాన్ జెండాలో కర్ర వైపు నిలువుగా తెల్లటి పట్టీ ఉంటుంది. దర్గా జెండాకు అది ఉండదు. ఐదో తరగతి పిల్లవాడు కూడా చూసి చెప్పగలిగే తేడా ఇది. అయినా ఎన్నిచోట్లో గొడవలయ్యాయి, పోలీసులొచ్చి దింపించారు. దాంతో ఏమవుతోందంటే, ఉర్సు జెండా పక్కన తప్పకుండా మూడు రంగుల జెండా కూడా కట్టాలనే అలవాటు మొదలైంది. కట్టడం మంచిదే. కానీ కాపలా కోసం కట్టుకున్న జెండాకు, మొగిలయ్య ఎగరేసిన జెండాకు తేడా ఉంది. ఆ తేడా నాకు బాధగా ఉంటుంది.

నిజానికి ఈ జెండా తయారీలోనే మైనారిటీల అలకలు, బతిమలాడుకోవడాలు ఉన్నాయి. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీకి నమూనా ఇచ్చినప్పుడు రంగులను మతాలతో కలిపి చెప్పుకున్నారు. మరి మా రంగేదీ అని సిక్కులు అడిగారు, గట్టిగానే అడిగారు. చివరికి 1931లో కాంగ్రెస్ కమిటీ వేసి, రంగులకు మతం అర్థం లేదని తేల్చి చెప్పింది. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. సిక్కులు అడిగినప్పుడు వాళ్ల దేశభక్తిని ఎవరూ పరీక్షకు పెట్టలేదు. జెండా అర్థాన్నే సరిచేశారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో ముస్లిం సభ్యులు, సిక్కులు, ఆంగ్లో ఇండియన్ల తరఫున ఫ్రాంక్ ఆంథోనీ లేచి ఇది మా జెండా అన్నారు. రంగుల అర్థాన్ని త్యాగం, సత్యం, మట్టితో మన సంబంధం అంటూ విడమరిచి చెప్పింది సర్వేపల్లి రాధాకృష్ణన్.

ఆ రోజే ఆదివాసీల తరఫున జైపాల్ సింగ్ ముండా లేచాడు. హాకీ ఆటగాడు, 1928 ఒలింపిక్స్‌కు మన జట్టు కెప్టెన్. జెండా ఎత్తడం నాగరికుల సొత్తేమీ కాదు, జెండాలు ఎత్తిందీ వాటి కోసం కొట్లాడిందీ మొదట మేమేనన్నాడు. ఛోటానాగ్‌పూర్ జాతరల్లో ఏ ఊరి జెండా ఆ ఊరిదే, దాన్ని ఇంకొకరు కాపీ కొట్టడానికి లేదన్నాడు. ఇకనుంచి మాకు రెండు జెండాలు, ఆరు వేల ఏళ్లుగా ఉన్నది ఒకటి, ఈ జాతీయ జెండా ఒకటి అన్నాడు. సభలో ఎవరూ ఆయన్ను దేశద్రోహి అనలేదు.

ఆ రెండు జెండాల సంగతి నాకు ఏజెన్సీలో అర్థమైంది. మేడారం జాతరకు పోయేవాళ్లు గద్దెలు చూస్తారు, బెల్లం చూస్తారు. డోలి కోయలు తెచ్చే పడిగెను చూశారా? బొమ్మలు గీసిన మూడు మూలల గుడ్డ. దాన్ని విప్పి పట్టుకొని, డోలు కొడుతూ, సమ్మక్క కథ, గోత్రాల కథలు రాత్రంతా పాడతారు. మణుగూరు వైపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి ఈ కళకే పద్మశ్రీ వచ్చింది. ఒక జాతి చరిత్ర మొత్తం ఆ గుడ్డ మీద ఉంటుంది. వాళ్లకు జెండా అంటే ఏమిటో మనం నేర్పాల్సిన పనిలేదు.

నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఆగస్టు 15 వస్తే ఒకటే టెన్షన్. అన్నలు, అంటే నక్సలైట్లు, నల్లజెండా ఎగరేయమని పిలుపిచ్చేవాళ్లు. పోలీసులు ఎవరు బడికి వచ్చారు, ఎవరు రాలేదు అని చూసేవాళ్లు. జెండా దగ్గరికొస్తే ఒకరికి అనుమానం, రాకపోతే ఇంకొకరికి అనుమానం. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు వరసగా నిలబడితే, తల్లిదండ్రులు కంచె అవతలే చెట్టు కింద కూర్చొని చూసేవాళ్లు. లోపలికి రమ్మంటే రారు, ఇంటికీ పోరు. వాళ్ల పిల్ల జనగణమన బాగా పాడిందని ఆ కంచె మీది నుంచే మురిసిపోయేవాళ్లు. ఆ మురిపెం ఎవరి లెక్కలోకీ రాలేదు.

అటు ఆదిలాబాద్‌లో ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20న భూమి అడగడానికి సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసు కాల్పులు. సర్కారు లెక్క పదమూడు మంది, ఊళ్ల లెక్క చాలా ఎక్కువ. వాళ్ల కోసం కట్టిన స్తూపాన్ని కూల్చేస్తే మళ్లీ కట్టారు. చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20న అక్కడ దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలే. ఇక ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుత్తికోయ ఆదివాసీలు ఉన్నారు. మావోయిస్టుల మీదికి ఊళ్లవాళ్లకు ఆయుధాలిచ్చి నడిపిన సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లే ఎక్కువ. ఇక్కడ ఎస్టీలుగా గుర్తింపు లేదు, గుడిసెలు పీకేస్తారు, కాగితాలు అడుగుతారు. అలాంటి గూడేల్లో కూడా ఆగస్టు 15న పిల్లలు కాగితపు జెండాలు పట్టుకొని నిలబడతారు. జెండా మీద వాళ్ల హక్కు మనకున్నంతే. ఆ జెండా కింద నిలబడి ఆధార్ కార్డు అడిగితే వాళ్లేం చెప్తారు?

ఇప్పుడు మనవాళ్లు ఇంకోచోట మైనారిటీ అయినప్పుడు ఏమనిపిస్తుందో చెప్తాను. మొన్నటి 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో వీధి దీపాల స్తంభాలకు సెయింట్ జార్జ్ ఎర్ర శిలువ జెండాలు, యూనియన్ జాక్‌లు కట్టే ఉద్యమం నడిచింది. బర్మింగ్‌హామ్‌లో మొదలై ఎన్నో ఊళ్లకు పాకింది. రోడ్ల మీద కూడా ఎర్ర శిలువ రంగులేశారు. శరణు కోరి వచ్చినవాళ్లను పెట్టిన హోటళ్ల ముందు నిరసనలు జరుగుతున్న రోజులవి. కరీంనగర్ వైపు నా పాత శిష్యుడు ఒకడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు, హిందువుల అబ్బాయి. ఫోన్ చేశాడు. "సార్, పండగ లేదు, ఫుట్‌బాల్ మ్యాచ్ లేదు, మా వీధిలో స్తంభం స్తంభానికి జెండా. నైట్ డ్యూటీ అయిపోయి నడిచి వస్తుంటే అవి నా కోసమే కట్టినట్టుంది" అన్నాడు. మ్యాచులప్పుడు అదే జెండాను ఆసియా వాళ్ల దుకాణాల్లో కూడా కట్టుకుంటారు, వాడూ కట్టుకున్నాడు. 1970లలో అక్కడి నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ నల్లవాళ్లు, ఆసియా వాళ్లు వెళ్లిపోవాలంటూ యూనియన్ జాక్ పట్టుకునే ఊరేగేది. కట్టినవాళ్లలో చాలామంది తమ దేశం మీద ప్రేమతోనే కట్టి ఉంటారు, అది నేను కాదనను. కానీ కింద నడిచేవాడికి ఏ జెండా ఎవరి మనసుతో కట్టిందో ఎలా తెలుస్తుంది?

వాడితో నేను ఎక్కువ చెప్పలేదు. "మీ క్లాసులో వెనక బెంచీలో ఎవరు కూర్చునేవాళ్లో గుర్తుందా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల పేర్లు వరసగా చెప్పాడు, ఒక్కటీ మర్చిపోలేదు.

అమెరికాలో 2001 సెప్టెంబరు 11 తర్వాత సిక్కులు, ముస్లింలు, మన తెలుగువాళ్లు కూడా టాక్సీలకు, దుకాణాలకు, ఇళ్లకు అమెరికా జెండాలు కట్టుకున్నారు. ఖాలా చెప్పిన రెండు మాటలే అక్కడా. నాలుగు రోజులకే, సెప్టెంబరు 15న, అరిజోనాలోని మెసా అనే ఊళ్లో బల్బీర్ సింగ్ సోధీని ఆయన పెట్రోల్ బంకు ముందే కాల్చి చంపారు. తలపాగా చూసి చంపారు.

మన దేశంలో 2017లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మదర్సాలకు ఒక ఉత్తర్వు పంపింది. ఆగస్టు 15న జెండా ఎగరేసి, జాతీయ గీతం పాడి, వీడియో తీయాలని. ఎన్నో మదర్సాల్లో ఏళ్ల తరబడి జెండా ఎగురుతూనే ఉంది. ఆ వీడియో అన్నమాటే గుచ్చుకుంది. తర్వాతి జనవరి 26న అదే రాష్ట్రంలోని కాస్‌గంజ్‌లో, 1965 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరున్న కూడలిలో, ముస్లింలు కుర్చీలు వేసుకొని జెండా వందనానికి సిద్ధమవుతున్నారు. మోటారు సైకిళ్ల మీద తిరంగా ర్యాలీ వచ్చింది. దారి దగ్గర గొడవ మొదలై పెరిగింది, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. 2025 జనవరిలో కోర్టు 28 మందికి యావజ్జీవం వేసింది. చంపినవాళ్లను నేను సమర్థించను, ఏ తల్లి కడుపుకోతనూ సమర్థించలేం. కానీ రెండు వైపులా ఒకే జెండా ఉన్న రోజు అది. ఒకే జెండాకు వందనం చేయాల్సినవాళ్లు దాని ముందే కొట్టుకున్నారంటే, అది జెండా మనందరిదని కాకుండా ఎవరిదో తేల్చుకునే వస్తువు అయిపోయిందని అర్థం.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. కేరళలో యెహోవా సాక్షులు అనే చిన్న క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు అందరితో పాటు లేచి మర్యాదగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. ప్రార్థన దేవుడికి మాత్రమే అని వాళ్ల నమ్మకం. 1985లో బడి నుంచి తీసేశారు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదు, మర్యాదగా నిలబడటం చాలు, ఆ పిల్లల్ని మళ్లీ బళ్లో చేర్చుకోండి అన్నారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెప్తున్నాయి, దాన్ని పలచన చేయొద్దన్నారు. ఆ తీర్పు 1986 ఆగస్టు 11న వచ్చింది. మొగిలయ్య చనిపోయిన తేదీనే, సరిగ్గా నలభై ఏళ్లకు. ఇక 2004లో నవీన్ జిందాల్ కేసులో, గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి భావ ప్రకటన హక్కు కిందికి వస్తుందని అదే కోర్టు చెప్పింది. భావ ప్రకటన అంటే నా మనసులోది నేను చెప్పడం. చెప్పి తీరాలని మెడ మీద చెయ్యి వేస్తే, వచ్చేది నా మాట ఎలా అవుతుంది?

టీచర్లు చాలామంది వచ్చారు కాబట్టి ఒక్క సంగతి. మన బళ్లలో జెండా కట్టేటప్పుడు మడతల్లో బంతిపూల రేకులు పెడతాం, సుద్దతో గీతలు గీస్తాం. తాడు లాగగానే ముడి విడిపోయేటట్టు కట్టడం ఒక పనితనం, అది నాకు బాగా వచ్చు. ఆ పని నాకు ఇస్తే సంతోషం. కానీ కొన్నిచోట్ల గద్దె ముందు కొబ్బరికాయ కొట్టి, అగరుబత్తులు వెలిగించి, అందరూ వరసగా వచ్చి బొట్టు పెట్టమంటారు. చేసేవాళ్లది భక్తే, నేనేమీ అనను. అక్కడ ఒక ముస్లిం టీచరో, క్రైస్తవ పిల్లో పక్కకు నిలబడితే చూసీ చూడనట్టు ఉండండి. సెల్యూట్ చేయడం అందరికీ వస్తుంది, దాని దగ్గర అందరం కలుద్దాం. ఒకసారి నేను పనిచేసినచోట, "మీరే ముడి వెయ్యండి సార్, మీరు వేస్తే ఫోటో బాగుంటది" అన్నారు. ఫోటో ఎందుకు బాగుంటదో అందరికీ అర్థమైంది. ముడి వేశాను. ఆ రోజు వేళ్లు నావిలాగా లేవు.

సమయం అయింది. ఇందాక ముందు వరసలోని తమ్ముడు చీటీ పంపాడు, "మరి ముస్లింలు కూడా కొంత ముందుకు రావాలి కదా సార్" అని. రావాలి తమ్ముడూ, వస్తున్నారు. 2019 చివర్లో, 2020 మొదట్లో పౌరసత్వ చట్టం మీద జరిగిన నిరసనల్లో ఢిల్లీ షాహీన్‌బాగ్ నుంచి మన హైదరాబాద్ దాకా వాళ్ల చేతుల్లో ఉన్నది ఈ జెండా, రాజ్యాంగ పీఠికే. ఎవరూ పట్టుకోమనలేదు, ఇది మాది అని పట్టుకున్నారు. ఆ చట్టం మీద నీ అభిప్రాయం వేరే ఉండొచ్చు, ఉండనీ. ఆ చేతుల్లో జెండా ఎలా ఉందో మాత్రం చూడు.

చివరగా ఒక ప్రకటన. ఈ నెల 21 సాయంత్రం షోయబుల్లా ఖాన్ గురించి ఇదే హాల్లో కూర్చుంటున్నాం. ఇమ్రోజ్ పాత సంచికలు గానీ, వాటి నకళ్లు గానీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే తీసుకురండి. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి, పక్కనే కూర్చుని తెలుగులో చెప్పేవాళ్లు కూడా. బయట టేబుల్ దగ్గర పుస్తకం పెట్టారు, పేరు, ఫోన్ నంబరు రాసి వెళ్లండి.